పేకముక్కల దత్తపది

పేకాట అన్న మాట చెవిని పడగానే తెలుగు గృహస్థు ముఖం చిట్లించుకొంటాడు. అందుకు కారణం లేకపోలేదు. ఋగ్వేదంలోని జూదరి విలాపం మొదలుకొని సభాపర్వంలోని మాయాద్యూతం వరకు, నలుని కథ మొదలుకొని నేటి ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెలలో చెట్టునీడన పరచిన తుండుగుడ్డ మీది మూడుముక్కలాట వరకు, పందెం వల్ల కూలిన కొంపల లెక్క చాల పెద్దది. మిరపకాయలు అమ్మిన డబ్బు గడప తొక్కకముందే చేతులు మారిపోయిన సంసారంలో ఇల్లాలికి పేకముక్క పాముపడగ వలె కనుపించడం వింత కాదు. అయితే పాము మీది భయంతో త్రాటిని కూడ కొట్టడం వివేకం అనిపించుకోదు. పేకకట్టలో పందెం కాక మరొక వస్తువు ఉన్నది. దానిని పొత్తు అనవచ్చును. ఒక ముక్కకు మరొక ముక్కను చేర్చి, ఆ రెండింటిలో దేనికీ విడిగా లేని శక్తిని పుట్టించే నేర్పు అది. పందెం మీది కోపంలో ఈ నేర్పును కూడ గడప బయటకు గెంటివేయడం న్యాయమా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ నేర్పు తెలుగువారికి కొత్తది కాదు. అవధానసభలో దత్తపది అనే అంశం ఒకటి ఉన్నది. పృచ్ఛకుడు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలు ఇస్తాడు. అవి అన్యభాషా పదాలు కావచ్చును, వంటింటి సరకుల పేర్లు కావచ్చును. వాటిని వాడి భారతార్థంలోనో రామాయణార్థంలోనో పద్యం చెప్పాలి. పద్యం పూర్తి కాగానే సభ కరతాళధ్వనులు చేసేది ఆ నాలుగు మాటల సొగసును చూచి కాదు. మాటను విరిచి, ప్రక్క మాటతో అతికి, దానిలో లేని అర్థాన్ని దానిచేతనే పలికించిన ఉపాయాన్ని చూచి. చేతికి వచ్చిన పేకముక్కలు కూడ దత్తపదులే. ఇక్కడ పృచ్ఛకుని స్థానంలో అదృష్టం కూర్చున్నది. పూరించే భారం మాత్రం ఆటగానిదే.

అందరూ ఎరిగిన పదమూడు ముక్కల రమ్మీనే చూడవచ్చును. కొత్తగా ఆడేవాడు రాజు చేతికి వస్తే సంబరపడతాడు, ఏడు వస్తే పెదవి విరుస్తాడు. చేయి తిరిగినవాని లెక్క వేరు. మూడు ముక్కల వరుసలలో ఏడు మూడింటికి పనికివస్తుంది: అయిదు ఆరు ఏడు, ఆరు ఏడు ఎనిమిది, ఏడు ఎనిమిది తొమ్మిది. రాజు రెండింటికే పనికివస్తాడు: జాకీ రాణి రాజు, రాణి రాజు ఆసు. పైగా ఓడినవాని చేతిలో మిగిలిపోయిన రాజు పది లెక్కలు మీద వేస్తాడు, ఏడు ఏడే వేస్తుంది. కాబట్టి కిరీటం ధరించిన ముక్క కంటె నడుమనున్న సామాన్యపు ముక్కకు చుట్టరికాలు ఎక్కువ, బరువు తక్కువ. ఈ చిన్న సత్యాన్ని పసిగట్టినవాడు బొమ్మను చూచి మురిసిపోడు, ముక్కకూ ముక్కకూ నడుమనున్న సంబంధాన్ని చూస్తాడు.

ఇంకొక మెట్టు పైకి పోతే రమ్మీలో పొత్తు తన చేతిని దాటి ఎదుటివాని మనస్సు వరకు వ్యాపిస్తుంది. ఒకని చేతిలో ఇస్పేటు ఎనిమిది, తొమ్మిది ఉన్నవి. ఇస్పేటు పది కావాలి. అతడు తన చేతిలోని ఆఠీను పదిని తీసి నిర్లక్ష్యంగా పారవేస్తాడు. పది వేసినవానికి పదితో పని లేదని ఎదుటివాడు తలచి, తన దగ్గరనున్న ఇస్పేటు పదిని ధైర్యంగా విడిచిపెడతాడు. వలలో గింజ చల్లినట్లు, పారవేసిన ముక్క కూడ పొత్తులో భాగమైనది. చేతిలో లేని ముక్కచేత పని చేయించుకోవడం ఇంకెక్కడ నేర్చుకోగలరు?

ఈ భేదాన్ని న్యాయస్థానం ఏనాడో గుర్తించినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో జరిగిన రమ్మీ ఆటను గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన వ్యాజ్యంలో 1967 నవంబరున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకొని కట్టుకొనే ఆట కనుక రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని, మూడుముక్కలాట వంటివి కేవలం అదృష్టపు ఆటలని ఆ తీర్పు వేరుచేసినది. అదే తీర్పులో మరొక హెచ్చరిక ఉన్నది. ఆ ఆట మీద ఇంటి యజమానియో క్లబ్బువారో లాభం తీసే పక్షంలో నేరం కాకపోదని న్యాయమూర్తులు చెప్పినారు. మొదటి మాటను జూదశాలలవారు తరువాత యాభై ఏండ్లు కవచంగా తొడుగుకొన్నారు. రెండవ మాటను జ్ఞాపకముంచుకొన్నవారు తక్కువ.

మన దేశపు పాత ముక్కలలో కూడ సంబంధమే ప్రధానం. 1527లో తాను సింధు ప్రాంతానికి గంజీఫా ముక్కలు పంపిన సంగతిని బాబరు స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. అక్బరు కాలపు గంజీఫాను అబుల్ ఫజల్ వర్ణించినాడు. మొగలాయి కట్టకు ఎనిమిది రంగులు, రంగుకు 12 చొప్పున 96 ముక్కలు. ఆ ఆట హిందూ గృహాలలో ప్రవేశించి దశావతార గంజీఫాగా మారినది. పది అవతారాలకు 120 ముక్కలు. అన్నీ గుండ్రనివి, చేతితో చిత్రించినవి. తెలుగునాట నిర్మల్ చిత్రకారులు వీటిని తయారుచేసేవారు. ఒడిశా చిత్రకారులు చింతగింజల జిగురుతో గుడ్డపొరలు అతికి గంజపా ముక్కలు చేస్తారు. మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు ఇటువంటి ఆటలు పదమూడింటిని తన శ్రీతత్త్వనిధిలో వివరించినాడు.

గంజీఫాలో రెండు విశేషాలున్నవి. సగం రంగులలో రాజు, మంత్రి తరువాత పది గొప్పది, ఒకటి అల్పం. మిగిలిన సగం రంగులలో రాజు, మంత్రి తరువాత ఒకటే గొప్పది, పది అల్పం. అనగా ఒకే అంకె ఒక పంక్తిలో సామంతుడు, మరొక పంక్తిలో సేవకుడు. రెండవది కాలభేదం. దశావతారపు ఆటను పగలు ఆడితే రాముని రాజుముక్క గలవాడు మొదలుపెట్టాలి. రాత్రి ఆడితే కృష్ణుని రాజుముక్క గలవాడు మొదలుపెట్టాలి. దీపం వెలిగించగానే బలాబలాలు మారిపోతవి. ముక్క విలువ ముక్కలో లేదు. అది ఏ పంక్తిలో ఉన్నది, ఏ వేళ పడినది, దేని ప్రక్కన పడినది అన్నదానిలో ఉన్నది. ఈ పాఠాన్ని చిన్నపిల్లలకు కూడ తెలిసేటట్లు చెప్పిన ఆట అది.

ఈ పాఠాన్ని దాని చివరి హద్దు వరకు తీసుకొనిపోయినది అమెరికాలో పుట్టిన ఒక ఆట. దాని పేరు మ్యాజిక్: ది గాదరింగ్. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితవేత్త దానిని కల్పించగా 1993లో వెలువడినది. అంతకుముందు పేకాటలలో కట్ట అందరికీ ఒక్కటే. ఇందులో ఎవరి కట్ట వారిదే. వేలాది ముక్కలలోనుంచి కనీసం 60 ఏరుకొని ఎవరికివారు కట్ట కూర్చుకోవాలి. ప్రాథమికమైన భూమిముక్కలు తప్ప ఏ ముక్క అయినా నాలుగుకు మించి ఉండరాదు. ఇద్దరికీ మొదట 20 ప్రాణాలుంటవి. ప్రాణాలు పోయినవాడు ఓడినట్లు. ప్రతి ముక్క మీద అది చేసే పని వ్రాసి ఉంటుంది. ఆ వ్రాతను చదివి, రెండు వ్రాతల నడుమ ఎవరూ చూడని సందును కనిపెట్టడమే ఈ ఆటలోని పొత్తు.

తొలినాటి పొత్తు ఒకటి చెప్పవలసినది. నాలుగే ముక్కలు: ఎర్రశక్తి నిచ్చే కొండ ఒకటి, ఒకమారు రాలి మూడు శక్తులిచ్చే నల్లకలువ ఒకటి, ప్రాణాన్ని శక్తిగా మార్చుకోనిచ్చే ఛానెల్ ఒకటి, పెట్టిన శక్తికి తగినంత కాల్చే అగ్నిగోళం ఒకటి. కలువనుంచి మూడు పచ్చశక్తులు వచ్చినవి. వాటిలో రెండు ఛానెల్‌కు వెల అయినవి, ఒకటి మిగిలినది. ఆటగాడు తన 20 ప్రాణాలలో 19 వెచ్చించి 19 శక్తులు తీసుకొన్నాడు. మిగిలిన ఒకటితో కలిపి 20. కొండ ఇచ్చిన ఎర్రశక్తి అగ్నిగోళాన్ని రగిల్చినది. మొదటి ఎత్తులోనే ఎదుటివాని 20 ప్రాణాలు దగ్ధమైనవి. ఆడినవానికి మిగిలినది ఒకే ఒక్క ప్రాణం. ఒక్క అంకె తప్పితే తానే మిగలడు. లెక్కకు ఇంత బిగువు, సాహసానికి ఇంత అంచు ఉన్న ఉపాయాన్ని చూచి గణితం చెప్పే ఉపాధ్యాయుడు కోపించుకోగలడా?

రెండవ పొత్తులో హాస్యం ఉన్నది. 1995లో వచ్చిన ఒక ముక్క పేరు ఇల్యూషన్స్ ఆఫ్ గ్రాండర్, అనగా వైభవపు భ్రాంతి. బల్లమీదకు రాగానే అది తన యజమానికి 20 ప్రాణాలిస్తుంది. అయితే దానిని పోషించే ఖర్చు ఎత్తు ఎత్తుకు రెండు, నాలుగు, ఆరు చొప్పున పెరుగుతుంది. పోషించలేక విడిచిపెట్టిన క్షణాన 20 ప్రాణాలు లాగుకొనిపోతుంది. అరువు తెచ్చిన వైభవం వంటి ఈ ముక్క ఒంటరిగా ఎవరికీ మేలు చేసేది కాదు. 1999లో డొనేట్ అనే మరొక ముక్క వచ్చినది. అది చేసే పని ఒక్కటే: తనదైన వస్తువును ఎదుటివానికి దానం చేయడం. దానం చేసి బాగుపడేదెట్లా అని నవ్వవలసిన ముక్క. ఎవరికో ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టాలని తోచినది. భ్రాంతి వచ్చినప్పుడు 20 ప్రాణాలు తాను పుచ్చుకొని, తరువాత దానిని ఎదుటివానికి దానం చేస్తాడు. పోషించలేని ఐశ్వర్యం ఎదుటివాని నెత్తిమీద కూలి అతని 20 ప్రాణాలు తీసుకొనిపోతుంది. తెల్లయేనుగును బహుమానంగా పంపి సామంతుని దివాలా తీయించిన రాజు కథ వంటిది ఇది. ఇందులో అపాయం కూడ ఉన్నది. దానం జరుగకముందే ఎదుటివాడు ఆ భ్రాంతిని పగులగొడితే నష్టం కల్పించినవానిదే. భస్మాసురుని చేయి ఎవరి తలమీదనైనా పడగలదు.

మూడవది రామకథ ఎరిగినవారికి వెంటనే నచ్చుతుంది. 2006లో డార్క్ డెప్త్స్ అనే భూమిముక్క వచ్చినది. దానిమీద పది మంచుగుర్తులుంటవి. ఒక్కొక్క గుర్తును తీయడానికి మూడు శక్తులు కావాలి. అన్నీ తీయడానికి ముప్పది. అంత తపస్సు చేస్తే మంచు క్రింద నిద్రించే మహాభూతం లేస్తుంది. అది ఒక్క దెబ్బకు 20 ప్రాణాలు తీయగలది, ఆకాశాన ఎగురగలది, సామాన్యంగా చావనిది. ముప్పది శక్తులు కూడబెట్టేలోపల ఆట ముగిసిపోతుంది కనుక దానిని నమ్ముకొన్నవారు అరుదు. 2009లో రెండు శక్తుల వెలగల ఒక చిన్న రక్తపిశాచిముక్క వచ్చినది. అది తన్ను తాను బలియిచ్చుకొంటే ఏదైనా ఒక వస్తువు మీది గుర్తులన్నీ తుడిచిపెట్టుకొనిపోతవి. రెండింటినీ కలిపితే ముప్పది శక్తుల తపస్సు రెండు శక్తుల పని అయినది. కుంభకర్ణుని లేపడానికి ఏనుగులను నడిపించి, భేరీలు మ్రోగించి అలసిపోయిన రాక్షససేన ఈ ముక్కను చూస్తే సిగ్గుపడి ఉండేది.

ఈ మూడు కథలలోను ఒక సామాన్యధర్మం ఉన్నది. పొత్తు కలిపిన ముక్కలు వేరువేరు ఉద్దేశాలతో వచ్చినవి. చూచినవాడు కలిపినాడు. ఈనాడు ఆ ఆటలో ఇరవై వేలకు మించిన ముక్కలున్నవి. ఇరవై వేలనే లెక్కించినా వాటినుంచి ఏర్పడే జంటలు 19 కోట్ల 99 లక్షల 90 వేలు. ఏ సంస్థ కూడ వాటినన్నిటినీ ముందుగా పరీక్షించి చూడజాలదు. కనుక అందులో ఎప్పుడూ ఎవరూ చూడని ద్వారం ఒకటి తెరచి ఉంటుంది. ఆ ముక్కలను తగిన క్రమంలో పేర్చితే సిద్ధాంతరీత్యా ఏ గణనయంత్రం చేసే లెక్కనైనా చేయించవచ్చునని 2019లో ముగ్గురు పరిశోధకులు నిరూపించినారు. ఆటబొమ్మ అనుకొన్న వస్తువు తర్కశాస్త్రపు సింహద్వారం దగ్గర నిలబడినది.

ఇంతవరకు స్తుతి. ఇకమీద నింద కూడ చెప్పకపోతే న్యాయం కాదు. ఈ ఆట అమ్మే పద్ధతిలో ఒక విషం ఉన్నది. ముక్కలను మూసిన పొట్లాలలో పెట్టి అమ్ముతారు. చిరకాలం వాడుకలో ఉన్న పొట్లంలో 15 ముక్కలు: ఒకటి అరుదైనది, మూడు కొంచెం అరుదైనవి, మిగిలినవి సామాన్యం. కొన్నవానికి లోపల ఏమున్నదో తెలియదు. మెరిసే ముక్క వస్తుందన్న ఆశతో మరొకటి, మరొకటి కొంటాడు. భద్రాచలానికి ముప్పది కిలోమీటర్లకు పైగా దూరాన గోదావరి ఒడ్డుననున్న పర్ణశాలలో యాత్రికులకు మాయలేడి తిరిగిన చోటని చూపుతారు. మెరిసే అరుదైన ముక్క అటువంటి లేడి. దాని వెంట పరుగెత్తినవాడు ఇంటిని ఒంటరిగా విడిచిపెట్టి పోతాడు. పైన చెప్పిన నల్లకలువ ముక్క ఒకటి 2021లో ఐదు లక్షల డాలర్లకు మించి అమ్ముడుపోయినది. అంత వెల పలికిన తరువాత అది ఆటముక్కగా మిగులుతుందా? అది పెట్టెలో పెట్టి తాళం వేసే నగ. కంప్యూటరు ఆటలలో ఇదేవిధంగా మూసిన పెట్టెలు అమ్మడం జూదమేనని 2018లో బెల్జియం దేశపు అధికారులు తేల్చినారు. కాగితపు పొట్లానికి, ఆ పెట్టెకు స్వభావంలో భేదం తక్కువ.

విచిత్రమేమంటే, ఈ విషానికి విరుగుడు ఆ ఆటలోనే ఉన్నది. పాపర్ అనే పద్ధతి ఒకటి ఆటగాళ్లలో పుట్టినది. పాపర్ అనగా నిరుపేద. అందులో సామాన్యపు ముక్కలు తప్ప మరేవీ వాడరాదు. 2019లో ఆ సంస్థ కూడ దానికి ఒక్కటే నియమావళిని ఏర్పరచి ఆమోదించినది. మెరిసే ముక్కలు లేనిచోట మిగిలేది పొత్తు ఒక్కటే. డబ్బు గలవానికీ లేనివానికీ అక్కడ ఒకే నిఘంటువు. పద్యం ఎవరిది బాగున్నదో చూడడమే మిగిలిన పని. ఈ ఆటలో గౌరవించదగిన భాగం ఎక్కడున్నదో దీనివల్లనే తెలియవచ్చును.

మరొక ఆక్షేపణ కూడ విచారించవలసి ఉన్నది. పొత్తు పడిన తరువాత ఎదుటివానికి చేయడానికేమీ ఉండదని, ఆట సంభాషణ కాక స్వగతమైపోతుందని కొందరు ఆటగాళ్లే ఆరోపిస్తారు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. తెలుగు సాహిత్యంలో బంధకవిత్వం ఉన్నది. చక్రబంధం, నాగబంధం కట్టినవాని ఓపికకు నమస్కరించవలసినదే. కాని పుస్తకమంతా బంధాలే అయితే చదువరి కవిని మెచ్చి కావ్యాన్ని మూసివేస్తాడు. అట్లే మొదటి ఎత్తులోనే ముగించే పొత్తులు ఆటను చంపుతవి. అందుకనే వాటిలో కొన్ని ముక్కలను ఆ ఆట నియమకర్తలు కట్టడి చేసినారు. మంచి పొత్తుకు ఒక లక్షణం చెప్పవచ్చును: దానిలో ఎదుటివాడు తెంపదగిన ముడి ఒకటి ఉండాలి. వైభవపు భ్రాంతిని దానానికి ముందే పగులగొట్టవచ్చును. మంచు క్రిందనుంచి లేచిన మహాభూతం చావదు గాని, దానిని యజమాని చేతికి తిరిగి పంపే ముక్క పడితే మాయమైపోతుంది. ముడి ఎక్కడున్నదో వెదకడం ఎదుటివాని నేర్పు. ఇద్దరి నేర్పులూ తలపడినప్పుడే అది ఆట.

ఈ ధర్మం అడవి అంచు పల్లెలకు తెలియనిది కాదు. గుడి మంటపాల రాతిపలకల మీద, చెరువుగట్టు బండల మీద గీసిన పులిజూదపు గళ్లు నేటికీ కనుపిస్తవి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి చంపగలదు, మేక చంపలేదు. అయినప్పటికీ మేకలు ఒకదాని వెనుక ఒకటి సందు లేకుండ నిలిచినప్పుడు పులి కదలలేక చిక్కుకొంటుంది. బలహీనుల పొత్తు బలవంతుని కట్టివేయడం ఇంత తేటగా చూపిన ఆట మరొకటి లేదు. పేరులో జూదం ఉన్నది, ఆటలో కానీ పందెం లేదు. పందెం లేకపోయినా తరతరాలు దానిని వదలలేదు. ఆనందం పందెంలో ఉన్నదనే వాదాన్ని ఈ రాతిగీతలే ఖండిస్తున్నవి.

చట్టం ఏమి చేసినది? 2017లో తెలంగాణ ప్రభుత్వం తన జూద నిషేధ చట్టాన్ని సవరించి, నైపుణ్యపు ఆట అన్న మినహాయింపును తొలగించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే త్రోవను పోయినది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసినది. నేర్పుగలవాని హక్కును హరించినారని కొందరు వాపోయినారు. ఆ వాదంలో పస లేదు. రమ్మీలో నేర్పు ఉన్నదన్నది సత్యం. నేర్పు ఉన్నంత మాత్రాన పందెం నిర్దోషం కాదన్నది కూడ సత్యమే. శకునికి నేర్పు లేదని ఎవరనగలరు? నేర్పుగలవాడు నేర్పులేనివాని కూలిడబ్బు లాగుకొనే చోట నేర్పే ఆయుధమవుతుంది. కనుక పందేన్ని చట్టం కొట్టివేయడం సమంజసమే. అయితే చట్టం చేయగలిగినది సగం పనియే. తుండుగుడ్డను ఎత్తివేయగలదు గాని, దాని చుట్టూ చేరిన మనస్సులకు మరొక ఆట ఇవ్వలేదు. ఆ మిగిలిన సగం విద్యావంతుల భారం.

ఆ భారాన్ని మోయడానికి అమెరికా పొట్లాలు కొనవలసిన అగత్యం లేదు. పాఠశాలలో పాత అట్టపెట్టెలు, కత్తెర, రంగుపెన్సిళ్లు ఉంటే చాలును. ఖమ్మం, భద్రాచలం ప్రాంతపు పిల్లలు తమ ముక్కలు తామే చేసుకోవచ్చును. ప్రతి ముక్క మీద తాము ఎరిగిన వస్తువొకటి, అది చేసే పని ఒకటి వ్రాయవచ్చును. వరద అనే ముక్క ఉండవచ్చును. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఆ మూడు అంకెలే ఆ ముక్కకు మూడు మెట్లు. 1986లో 75.6 అడుగులకు, 2022లో 71 అడుగులు దాటి వచ్చిన వరదలను ఎరిగిన పెద్దలు ఆ ముక్క బలాన్ని పిల్లలకు చెప్పగలరు. ఒంటరిగా అది ఇద్దరి పొలాలనూ ముంచుతుంది. దాని తరువాత ఒండ్రు అనే ముక్క, దానిమీద మిరపనారు అనే ముక్క పడితే ముంచిన నీరే లంకభూమికి పంట అవుతుంది. తునికాకు అనే ముక్క ఒక్కటి ఉంటే విలువ సున్న. అడవిలో 50 ఆకులు చేరితేనే కట్ట అయినట్లు, కొన్ని చేరితేనే దానికి లెక్క రావాలి. ఇప్పపువ్వు, తేనెపట్టు, ఎలుగుబంటి అనే మూడింటి నడుమ ఏ పొత్తు కుదురుతుందో నగరపు బాలుని కంటె కోయపిల్లవాడు ముందు చెప్పగలడు. అతడు నిత్యం చూచేది ఆ సంబంధాలనే. తరగతిలో వెనుకబల్లమీద కూర్చున్న ఆ పిల్లవాని విజ్ఞానానికి అక్కడ మొదటిసారి మార్కులు పడవచ్చును.

ఇది కాలక్షేపం అనేవారికి ఒక మాట. వ్రాసిన నియమాన్ని అక్షరం అక్షరం చదవడం, ఆ నియమం ఎంతవరకు వర్తిస్తుందో తరచి చూడడం, రెండు నియమాలు కలిసినచోట ఫలితమేమిటో ఊహించడం, తన ఊహను ఎదుటివాడు అంగీకరించేటట్లు వాదించడం: ఇవే కదా వ్యాకరణం, గణితం, న్యాయశాస్త్రం నేర్పదలచినవి! సంధిసూత్రం వల్లెవేయడానికి మొరాయించే బాలుడు తన ముక్కలోని ఒక్క విభక్తి కోసం అరగంట వాదిస్తాడు. ఆ ముక్క మీద వ్రాసినది చక్కని తెలుగైతే భాషకు అంతకంటె మేలేమి కావాలి? నియమాన్ని సందిగ్ధం లేకుండ నాలుగు పంక్తులలో తెలుగున వ్రాయడం పెద్దలకే కష్టమైన ఈ రోజులలో, పిల్లలు ఆటకోసం ఆ పనికి పూనుకొంటే దానికి అడ్డు చెప్పడం తెలుగు ఉపాధ్యాయులకు తగదు.

జాగ్రత్తలు మూడు చాలును. ముక్కకు డబ్బు తగిలించరాదు. మూసిన పొట్లం అమ్మరాదు. ఎవరి కట్టలోనైనా ఉన్న ముక్కను చేసుకొనే అధికారం అందరికీ ఉండాలి. ఈ మూడు కట్టుబాట్లతో ఆడిన ఆటలో ఓడినవాడు పోగొట్టుకొనేది ఏమీ ఉండదు. గెలిచినవాడు పొందేది ఒక ఉపాయం కనిపెట్టిన సంతోషం. వేసవి సెలవులకు ముందే ఏ ఒక్క ఏజెన్సీ పాఠశాలయైనా ఒక అట్టపెట్టెను కోసి ఈ పనిని మొదలుపెట్టి చూడవచ్చును. దానికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. పిల్లలను చుట్టూ కూర్చుండబెట్టి, వరద తరువాత ఏ ముక్క వేయాలని అడిగే ఉపాధ్యాయుడు ఒకరుంటే సరిపోతుంది.